అమ్మ మాటకు నలభై నిమిషాలు

విశాఖపట్నం ఆసుపత్రిలో అమ్మకు స్వరపేటిక తీసేశాక, మా ఇంట్లో అమ్మ మాటలు పలికే పని నాన్న మీద పడింది. అమ్మ పలక మీద రాస్తుంది, నాన్న పైకి చదువుతాడు, నేను వింటాను. నాకు చూపు లేదు. మూడో ఏట, తట్టు పోసినప్పుడు పోయింది. అమ్మకు గొంతు పోయేనాటికి నాకు ముప్ఫై రెండేళ్లు. అరసవల్లి దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెబుతూ, ఆమదాలవలసలో అమ్మానాన్నలతోనే ఉంటున్నాను. ఒకరికి మాట రాదు, ఒకరికి కళ్లు లేవు, ఇద్దరి మధ్యా రిటైరయిన రైల్వే గుమస్తా ఒకరు. అదీ మా ఇల్లు.

నాన్న చాలా మంచివాడు. వచ్చిన చిక్కంతా అదే. మా బాప్టిస్టు సంఘంలో ఆయన పెద్ద. మొగుడూ పెళ్లాల తగువులు, అన్నదమ్ముల గోడ తగాదాలు ఆయన దగ్గరకే వచ్చేవి. ఒకరి మాట ఇంకొకరి దగ్గరకు మోసుకెళ్లేటప్పుడు అందులో ముల్లేమైనా ఉంటే తీసేసి మొయ్యాలని ఆయన నమ్మకం. సంఘంలో అది బాగానే పనిచేసింది. ఇంట్లో మాత్రం నా ప్రాణానికొచ్చింది.

అమ్మ బలపంతో రాస్తుంటే నాకు వినిపిస్తుంది కదా. గీరు గీరుమని రాస్తూనే ఉంటుంది. పలక నిండిపోతే తిప్పి రెండో వైపు కూడా రాస్తుంది. నాన్న పలక అందుకుని, కాసేపు ఊరుకుని, గొంతు సవరించుకుని, "అన్నం తిందువు రమ్మంతంది" అంటాడు.

"రెండు వైపులా రాసింది అదేనా నాన్నా?"

"అదే. కూర కూడా సెప్పింది. వంకాయ."

అమ్మ అరచేత్తో బల్ల మీద ఠపీమని కొట్టేది. అంటే అబద్ధమని. అప్పటికే నాన్న తడిగుడ్డతో పలక తుడిచేసేవాడు. ఆ తుడుపు చప్పుడు వింటే నాకు ఒళ్లు మండేది. అమ్మ నన్ను తిట్టిందో, ఏడ్చిందో, ఏదైనా అడిగిందో, నాకు ఎప్పటికీ తెలియదు.

నేను చదువుకున్నదంతా అమ్మ గొంతుతోనే. మిషన్ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివిన మనిషి, నా బి.ఎడ్. దాకా ప్రతి పుస్తకమూ పైకి చదివింది. మొగలాయిలూ, మౌర్యులూ, రాజ్యాంగం పీఠిక, నైలు నదీ లోయ, అన్నీ ఆ గొంతులోనే విన్నాను. ఇంగ్లీషు పుస్తకం వస్తే మాట పలకడం రాక, ఒక్కో అక్షరమే విడివిడిగా చెప్పేది. నేను కూడబలుక్కునేదాన్ని. ఒక పేరాకు పూట పట్టేది. అన్ని వేల పేజీలు చదివిన మనిషి తన మాటగా నాతో చెప్పినది ఎంత అని లెక్కేస్తే, తిను, పడుకో, జాగ్రత్తగా ఎల్లు, ఇంతే. ఆ సంగతి కూడా ఆమె గొంతు పోయాకే నాకు తట్టింది. నా మీద నాకు కోపం వచ్చింది.

ఆసుపత్రిలో ప్రతి డాక్టరూ అమ్మను అడిగిన ప్రశ్న ఒక్కటే. అడ్డచుట్ట కాలుస్తావా అని. మా వైపు ఆడవాళ్లలో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది, అందుకని అడుగుతారు. అమ్మ ఎన్నడూ ముట్టలేదు. ఆపరేషన్‌కు తీసుకెళ్లే ముందు నాలుగోసారి అడిగేసరికి, "నాను సుట్ట ముట్టనేదు బాబూ, కాయితం మీద రాసుకో, మళ్లీ మళ్లీ అడక్కు" అని అరిచింది. నేను విన్న ఆమె ఆఖరి మాటలు అవి. అంతకన్నా మంచి మాట ఏదైనా చెప్పి ఉంటే బాగుండేదని అనుకునేదాన్ని మొదట్లో. ఇప్పుడు అనుకోను. అది అచ్చంగా అమ్మ మాట.

ఇంటికొచ్చాక అరచేతిలో వేలితో రాసి చూసింది. నేను నేర్చుకున్నది బ్రెయిలీ చుక్కలు. తెలుగు అక్షరాల మెలికలు నా చేతికి అందేవి కావు. ఆమె విసిగేది, నేను విసిగేదాన్ని, ఇద్దరం చేతులు లాక్కునేవాళ్లం.

నా దగ్గర ఒక పాత కంప్యూటర్ ఉండేది. తెర మీది అక్షరాలను పైకి చదివే ప్రోగ్రాం ఒకటి అందులో ఉంది. పరాయి దేశం కంపెనీది. కొనే తాహతు మాకు లేదు కాబట్టి, రుచి చూడమని ఊరికే ఇచ్చేది పెట్టుకున్నాను. అది సరిగ్గా నలభై నిమిషాలు మాట్లాడుతుంది. తరవాత నోరు మూసుకుంటుంది. మళ్లీ మాట్లాడాలంటే కంప్యూటర్ మొత్తం ఆపి మొదలుపెట్టాలి. అమ్మను దాని ముందు కూర్చోబెట్టాను. దానికి తెలుగు రాదు. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే, దొరగారు కొత్తగా తెలుగు నేర్చుకున్నట్టు చదివేది. మొదటి రోజు అమ్మ ఒక్కో మీట వెతుక్కుని ఏదో కొట్టింది. "అన్నాం టిన్నావా" అంది మెషిను. అమ్మ కుర్చీ కిర్రుమని ఊగింది. చప్పుడు రాకుండా నవ్వుతోందని అర్థమయింది. నాకూ నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది.

ఆ దొర తెలుగుతోనే ఏడు నెలలు గడిపాం. మధ్యలో నాన్న లేకుండా అమ్మ నాతో మాట్లాడుతోంది, అది చాలు. కానీ ఆ నలభై నిమిషాలు! అమ్మకు కొట్టడం నిదానం. మంచి కబురు మొదలయ్యేసరికి గడువు దగ్గరపడేది. ఒకసారి, "మీ చిన్నత్త కూతురి పెళ్లికి నేను ఎందుకు రాలేదంటే" అని చదివి మెషిను ఆగిపోయింది. మళ్లీ అది లేచి కూర్చునేసరికి పొయ్యి మీద అన్నం ఉడికేంత సేపు పట్టేది. అప్పుడు అడిగితే, మరిచిపోయాను అని కొట్టింది. అమ్మ ఏదీ మరిచిపోయే మనిషి కాదు. చెప్పాలన్న తెగింపు ఆ కాసేపట్లో చల్లారిపోయేది. ఆమెకు గోడ గడియారం చూస్తూ మాట్లాడడం అలవాటైపోయింది. పెద్ద సంగతులు ఎత్తడమే మానేసింది.

ఆ ప్రోగ్రాం చేతకాక ఆగిపోతే నాకు కోపం ఉండేది కాదు. అది మాట్లాడగలదు. మాట్లాడొద్దని దాని లోపల ఎవరో రాసిపెట్టారు. ఎక్కడ రాశారో చూడడానికి లేదు, చూసినా చెరపడానికి లేదు. అమ్మ గొంతు రోగం తీసుకుపోయింది, అది ఎవరి తప్పూ కాదు. ఇది మాత్రం ఒక మనిషి కూర్చుని, ఆలోచించి, చేసిన పని.

శ్రీకాకుళంలో కంప్యూటర్లు బాగుచేసే అతను, "టీచరుగారూ, ఆ గడువు తీసేసిన కాపీ నా దగ్గర ఉన్నాది, ఎక్కించెయ్యనా?" అన్నాడు. నేను సరేననేదాన్నే. నాన్న పక్కనే ఉన్నాడు. ఆయన ఎలాంటి మనిషంటే, తను పనిచేసిన స్టేషన్‌లోనే, నన్ను రైలు దించుకోవడానికి వస్తే ప్లాట్‌ఫారం టికెట్ కొనేవాడు.

"అది టికెట్ నేని ప్రయాణం. మనకొద్దు" అన్నాడు.

"నాన్నా, అమ్మ మాట సగంలో తెగిపోతోంది."

"తెలుసు. అయినా వద్దు."

వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. దొంగతనం వద్దనడం ఆయన న్యాయం. అమ్మ నోటికి తాళం వేసుకుని కూర్చోమనడం ఏ న్యాయమని నా బాధ. ఇద్దరిదీ నిజమే కాబట్టి ఎవరమూ తగ్గలేదు.

ఆ మాటలు లేని వారంలోనే, విజయనగరం నుంచి నా మిత్రుడు పాసింజర్ బండిలో వచ్చాడు. చూపులేని పిల్లల బడిలో నాతో చదివినవాడు. అక్కడ ఒక బ్యాంకులో టెలిఫోన్ దగ్గర పని. వాళ్లది భోగాపురం దగ్గర జీడితోటల రైతు కుటుంబం. గడప దాటుతూనే, "పిన్నీ, బాగున్నావా? ఒసే, ఇటు రా, నీకో సరుకు తెచ్చినాను" అని అరిచాడు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి నా చేతిలో పెట్టాడు. తెర చదివే ప్రోగ్రామే, కానీ వేరేది. గడువు లేదు, కొననక్కర్లేదు, తెలుగు అక్షరాలు కూడా చదువుతుంది.

నాన్న పడక్కుర్చీలోంచి లేచాడు. "ఊరికే ఎవుడిస్తాడ్రా? ఇదీ కాపీ కొట్టిందేనా?"

"కాపీ కొట్టుకోమనే రాసినారు బాబాయ్."

"ఎక్కడ రాసినారు? సూపించు."

"నాను సూపించనేను గానీ, ఇనిపిస్తాను. కూకో."

ఆ ప్రోగ్రాంతో పాటే దాని లైసెన్సు ఉంటుంది, ఇంగ్లీషులో. మిత్రుడు ప్రోగ్రాంను కంప్యూటర్‌లో ఎక్కించి, దాని లైసెన్సు దాని చేతే చదివించాడు. రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంది గొంతు. నాన్న మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, గుడిలో ప్రసంగం వింటున్నట్టు విన్నాడు. రైల్వే రూల్సు చదివి చదివి ఆయనకు ఆ రకం ఇంగ్లీషు బాగా అలవాటు. ప్రతి షరతు దగ్గరా "ఆపు, మళ్లీ సదివించు" అనేవాడు. దేనికైనా వాడుకోవచ్చు. లోపల ఎలా రాశారో విప్పి చూసుకోవచ్చు. మన అవసరానికి మార్చుకోవచ్చు. పక్కవాడికి ఇవ్వొచ్చు, మార్చింది కూడా ఇవ్వొచ్చు. ఇచ్చేటప్పుడు మాత్రం, మనకు ఏ హక్కులతో వచ్చిందో ఆ హక్కులన్నిటితో ఇవ్వాలి. తలుపు మన వెనకాల మూసెయ్యకూడదు.

మిత్రుడు నాన్న పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు. "మా తోటల మీదకి ఇమానాశ్రయం వస్తాదంతన్నారు గదా బాబాయ్. ఇంట్లో సంచీడు కాయితాలున్నాయి. ఏ కాయితంలో ఏటి రాసున్నాదో మా అయ్యకీ తెలవదు, నాకూ తెలవదు. దీన్ని సూడు, తన కాయితం తనే సదివి సెప్తంది."

అప్పుడే అమ్మ స్టీలు గ్లాసుతో బల్ల మీద టకటకా కొట్టింది. అందరం ఉలిక్కిపడ్డాం. పలక మీద ఏదో రాసి నాన్న ముందు పెట్టింది. నాన్న చదివాడు. "నలభై రెండు నిమిషాలైపోనాది. ఇంకా సదువుతంది." ఆ మాట ఆయన రెండుసార్లు చదివాడు. ఆ ఏడు నెలలూ ఆయనకు ఏమీ పట్టనట్టే ఉండేది. అమ్మ కళ్లు గడియారం మీదే ఉండడం ఆయన ప్రతిరోజూ చూశాడని నాకు ఆ రోజు తెలిసింది.

అమ్మ మళ్లీ పలక తీసుకుంది. ఈసారి నాన్న తడుముకోకుండా మొత్తం చదివాడు. "ఇది మన పిడికెడు బియ్యం లాటిదే గదా. ఇంత సదవడమెందుకు?"

మా సంఘంలో స్త్రీల సమాజం వాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు, ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యమంతా గుడికి తెస్తారు. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో వాళ్లకు వెళ్తాయి. ఎవరు వేశారో తిన్నవాళ్లకు తెలియదు, ఎవరు తిన్నారో వేసినవాళ్లు అడగరు. అమ్మ పెళ్లయిన నాటి నుంచీ ఆ కుండ నింపుతోంది. అంతసేపు లైసెన్సు విని నాన్న తెలుసుకున్నది ఆమెకు అప్పటికే తెలుసు.

నాన్నకు ఇంకో పట్టుదల వచ్చింది. "ప్రోగ్రాం ఇచ్చినోడు దాని లోపలి రాత కూడా ఇవ్వాలని ఉన్నాది. రాత ఏదిరా?"

"అదెందుకు బాబాయ్ నీకు? సదివి ఏటి సేస్తావు?"

"నాను సేసేదేటి నేదు. షరతు షరతే."

నవ్వలేక చచ్చాం. అయినా ఆయన వినలేదు. మిత్రుడు విజయనగరం వెళ్లి, ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే వాళ్ల వదినగారిని బతిమాలి, ఆ ప్రోగ్రాం రాత మొత్తం ఒక సీడీలోకి ఎక్కించి, మరో ఆదివారం పట్టుకొచ్చాడు. నాన్న దాన్ని పింఛను కాగితాల పక్కన, బీరువాలో పెట్టాడు. తరవాత పాలకొండలో ఒక కుటుంబానికీ, పలాసలో ఒక పాస్టరుగారి అబ్బాయికీ ప్రోగ్రాం కావలసి వస్తే, ఆయనే స్వయంగా వెళ్లి రెండేసి సీడీలు ఇచ్చి వచ్చాడు. ఒకటి ప్రోగ్రాం, ఒకటి రాత. వాళ్లు రెండోది ఏం చేసుకున్నారో దేవుడికే తెలియాలి.

అమ్మ తెలుగు కొట్టడం నేర్చుకుంది. నాన్న పాత గోడ క్యాలెండర్లలోంచి అక్షరాలు కత్తిరించి, ఒక్కో మీట మీదా జిగురుతో అంటించాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి రెండు నెలల్లో నేర్చేసుకుంది. ఆ రేకు డబ్బా గొంతు మా ఊరి మాట పలికిన మొదటి రోజు నాకు బాగా గుర్తుంది. "ఒసే, బడికి ఆ సీరేటి కట్టుకెల్లావు, ఎలిసిపోనాది" అంది. ఏడాదిన్నర తరవాత అమ్మ నన్ను తిట్టింది. నాన్న అక్కడే ఉన్నాడు, తుడవడానికి ఏమీ లేదు. నాకు పండగలా ఉంది.

అక్కడితో కథ సుఖంగా సాగాలి. కానీ మా అమ్మ ఫుల్‌స్టాప్ పెట్టదు.

చిన్న మాటలప్పుడు ఇబ్బంది లేదు. కాస్త పొడుగ్గా చెప్పబోతే, మెషిను మొదటి నాలుగు లైన్లు చదివి మిగతాది మింగేసేది. పేజీ నిండా ఉందని నాన్న చెబుతాడు, నాకు వినిపించేది అరపావు. కారణం తెలియక నెల రోజులు జుట్టు పీక్కున్నాం. చివరకు మిత్రుడు కనిపెట్టాడు. తెలుగు చదివే భాగం ఫుల్‌స్టాప్ కోసం ఎదురుచూస్తుందట. అది రాకుండా మాట సాగిపోతే ఒక హద్దు దాకా పట్టుకుని, తక్కినది పారేస్తుందట.

"ఓస్, ఇంతేనా. పిన్నీ, అక్కడక్కడా సుక్క పెట్టు" అన్నాడు.

అమ్మ టకటకా కొట్టింది. "ఎక్కడ పెట్టాలి"

"ఎక్కడ ఆగుతావో అక్కడ."

"నాను ఆగను ఇన్నేళ్లు పుస్తకాలోళ్లు పెట్టిన సుక్కల దగ్గరే ఆగినాను ఇప్పుడు నా మాట నాను సెప్పుకుంతంటే మళ్లీ సుక్కలంతారేటి"

మెషిను దాన్ని గుక్క తిప్పుకోకుండా చదివింది. మిత్రుడు నవ్వి, "పిన్ని మారదు. మెషిన్నే మారుద్దాం" అన్నాడు.

లోపల విప్పి చూడనివ్వని ప్రోగ్రాం అయితే ఆ మాట అనడానికి కుదిరేది కాదు. ఫుల్‌స్టాప్ పెట్టడం నేర్చుకో, లేదా నోరు మూసుకో, అంతే. ఇక్కడ నాన్న బీరువాలో దాని రాత ఉంది. వదినగారు ఆ సీడీ పెట్టుకుని రెండు ఆదివారాలు కూర్చున్నారు. ఫోన్ చేసి, "బాబాయ్‌గారూ, దొరికింది. చుక్క రాకపోతే ఇన్ని అక్షరాలకు ఆపెయ్ అని ఒక చోట రాసి ఉంది. ఇక మీదట ఆపదు, మాటకీ మాటకీ మధ్య ఖాళీ దగ్గర ఊపిరి తీసుకుని ముందుకు పోతుంది" అన్నారు. నాన్న ఫోన్‌లోనే ఆవిడకు దండం పెట్టాడట. అమ్మ తరవాత చెప్పింది.

అమ్మ కోసం చేసిన ఆ మార్పును వదినగారు ప్రోగ్రాం తయారుచేసేవాళ్లకు పంపారు. పంపాలని గుర్తుచేసింది నాన్నే. మనం పుచ్చుకున్నట్టే ఇవ్వాలి కదా అని. ఎక్కడో దూరదేశం నుంచి ఎవరో జవాబు రాశారు. చాలా సంతోషం, తీసుకుంటున్నాం, చుక్కలు లేని తెలుగు కొంచెం పంపండి, కొత్తగా తయారుచేసిన ప్రతిసారీ ఇది సరిగా చదువుతోందో లేదో పరీక్షించుకుంటాం అని. అమ్మ ఆలోచించి చందువా చేపల పులుసు ఎలా పెట్టాలో ఒక్క గుక్కలో రాసి ఇచ్చింది. ఇప్పటికీ ఆ ప్రోగ్రాం లోపల ఎక్కడో మా అమ్మ పులుసు ఉంది. పంపేశాక రెండు రోజులు ఒకటే దిగులు. "అందులో ఉప్పు రాయడం మరిసిపోనాను వాళ్లేటనుకుంతారో"

మార్చిన ప్రోగ్రాం మా కంప్యూటర్‌లోకి వచ్చిన వారానికి, ఒక శనివారం మధ్యాహ్నం, నాన్న సంఘం పని మీద శ్రీకాకుళం వెళ్లాడు. నేను బడి కాగితాలు సర్దుకుంటున్నాను. అమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. మీటల చప్పుడు మొదలై ఆగలేదు. నేను కాఫీ పెట్టుకుని తాగేశాను. ఇంకా కొడుతూనే ఉంది. తరవాత లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టి, చదివే మీట నొక్కింది.

"నీకు మూడో ఏడు తట్టు పోసినాది కళ్లు ఎర్రగా అయిపోనాయి శీకాకుళం ఆస్పత్రికి తీసుకెల్లమన్నారు మీ నాన్న డూటీలో ఉన్నారు ఒచ్చినాక ఎల్దాం అనుకున్నాను పక్కింటి ముసిలమ్మ ఆకు పసరు పోస్తే సలవ సేస్తాదన్నాది ఆకు నానే కోసినాను నానే నూరినాను నువ్వు గింజుకున్నావు నీ సేతులు నా మోకాళ్ల కింద పెట్టి అదిమి రెండు కళ్లల్లోనూ పోసినాను మూడు రోజులు పోసినాను నువ్వు వద్దమ్మా వద్దమ్మా అన్నావు అప్పుడే నీకు మాటలు బాగా వస్తన్నాయి తట్టు వల్ల పోనాయని అందరికీ సెప్పినాను నీకూ అదే సెప్పినాను తట్టు కాదు నానే గొంతు పోనాక పలక మీద ఎన్ని సార్లు రాసినానో మీ నాన్న తుడిసేస్తాడు దానికి ఇప్పుడెందుకు అంతాడు"

ఇంకా ఉంది. రేకు గొంతు ఎక్కడా తగ్గలేదు, ఎక్కడా జాలి పడలేదు. అమ్మ ఏది కొట్టిందో అదే, ఒక్క ముక్క తీసెయ్యకుండా, ఒక్క ముక్క మెత్తబరచకుండా చదువుకుంటూ పోయింది. అంత మర్యాద మాకు అంతకు ముందు ఎవరూ చెయ్యలేదు, మా మీద ఎంతో ప్రేమ ఉన్న నాన్నతో సహా. చివరి మాట చదివేసి అది ఊరుకుంది.

కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. ముప్ఫై ఏళ్లుగా తట్టు అనే పేరు మీద ఉన్న కోపమంతా తిరిగి, పక్కనే ఊపిరి పీలుస్తూ కూర్చున్న ఈ మనిషి మీదకు రావాలని చూసింది. అమ్మ కదలలేదు. నా మొహంలో ఏముందో ఆమె చూస్తూ ఉండి ఉంటుంది. ఆమె మొహంలో ఏముందో నాకు తెలియదు.

మెల్లగా ఆ కోపం కింద ఇంకోటి తగిలింది. మొగలాయిలూ మౌర్యులూ నైలు నదీ చదువుతున్నంత సేపూ ఈ మనిషి దీన్ని మోసింది. ఒక్కో ఇంగ్లీషు అక్షరం విడదీసి చెబుతూ, పూటకు ఒక పేరా లెక్కన, తీరని అప్పు తీర్చుకున్నట్టు చదివింది. ఓపిక అనుకున్నాను. నేనెంత మొద్దుదాన్ని.

"అమ్మా," అన్నాను, "ఆ పసరు నాకు గుర్తు లేదు. నిజం. ఎంత తడిమినా తగలటం లేదు. నువ్వు చదివిన పుస్తకాలు మాత్రం పేజీలతో సహా గుర్తున్నాయి."

ఆమె చేతులు మీటల మీదకు వెళ్లాయి. ఒకటో రెండో నొక్కి ఆగిపోయాయి. నా భుజం మీద తల పెట్టేసింది. ఊపిరికని ఆపరేషన్‌లో మెడకు పెట్టిన రంధ్రంలోంచి ఆమె ఊపిరి నా చేతికి తగులుతోంది. మొదట గబగబా వచ్చింది, తరవాత నిదానించింది. చాలాసేపు అలాగే కూర్చున్నాం. నాన్న గేటు తీసిన చప్పుడు వినిపించినా అమ్మ తల ఎత్తలేదు, నేనూ ఎత్తమనలేదు.